లెక్కలో భాష, జాబితాలో సమస్య: తొండియార్‌పేట తెలుగువారిని అడిగినవీ, అడగనివీ

ప్రజలు ఏ విషయాన్ని అన్నిటికన్నా ముఖ్యమైన రాజకీయ సమస్యగా భావిస్తున్నారో కొలిచి చెప్పవచ్చునన్న నమ్మకం మరీ పాతది కాదు. అమెరికాలో జార్జి గాలప్ నెలకొల్పిన సంస్థ 1935లో ఈ ప్రశ్నను జనం ముందు పెట్టింది. మరుసటి సంవత్సరం అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపి, ఇరవై లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని కూడా ఎవరు గెలుస్తారో తప్పు చెప్పింది. అంతకు ఎంతో తక్కువ మందిని అడిగిన గాలప్ ఒప్పు చెప్పాడు. ఎంతమందిని అడిగామన్నది కాదు, ఎవరెవరిని ఎంచుకుని అడిగామన్నది ప్రధానమని అప్పటినుంచి ఈ రంగంలోనివారు ఒప్పుకుంటున్నారు. ఏ భాషలో అడిగాం, ఏ మాటతో అడిగాం, వచ్చిన జవాబును ఏ పేరుకింద రాసుకున్నాం అన్న సంగతులకు మాత్రం అంత గౌరవం దక్కలేదు. భాషాశాస్త్రం చదువుకున్నవాడికి మొదట తట్టేవి అవే. ఈ వ్యాసంలో వాటిని ఒక పేటకు పరిమితం చేసి, ఆ పేట చరిత్రలో పెట్టి చూడదలచాను.

తొండియార్‌పేట చెన్నపట్నానికి ఉత్తరాన, రాయపురానికీ తిరువొత్తియూరుకూ నడుమ ఉంది. రామనాథపురం సీమలోని తొండి నుంచి వచ్చిన సూఫీ కవి కుణంగుడి మస్తాన్ సాహెబును జనం తొండియార్ అనేవారనీ, ఆయన వల్లనే ఈ పేరు వచ్చిందనీ చెబుతారు. ఇరుగుపొరుగు పేర్లు కూడా చరిత్రను దాచుకున్నవే. కుంపిణీవారి బట్టలను చలవచేసిన చాకళ్ళ పేరున వాషర్‌మన్‌పేట వెలసింది. 1717 నుంచి 1720 వరకు గవర్నరుగా ఉన్న జోసెఫ్ కాలెట్ నేతగాళ్ళకోసం కట్టించిన కాలెట్‌పేట జనం నోట కాలడిపేట అయింది. నేత, అద్దకం, చలవ, రేవు కూలి, ఆ తరువాత మిల్లులు, రైల్వే, నగరపాలక సంస్థ పారిశుద్ధ్యపు పని: ఈ పనుల వెంట తెలుగువారు తరతరాలుగా ఈ ఉత్తర భాగానికి వచ్చి చేరారు. దేవాంగులు, బలిజలు, కోమట్లు, ఆది ఆంధ్రులు ఒకే వీథి అటూ ఇటూ ఉండి కూడా ఒకే తెలుగు మాట్లాడరు. ఇంటి తెలుగుకూ వీథి తమిళానికీ మధ్య గడప ఒక్కటే అడ్డు. వీరి విషయంలో ‘ప్రజలకు ఏది ముఖ్యం’ అన్న ప్రశ్నకు నూట డెబ్బై ఏళ్ళుగా రకరకాలుగా జవాబు రాసుకుంటూ వచ్చారు. వీరిని నేరుగా అడిగింది తక్కువ.

మొదటి కొలత అర్జీ. మద్రాసులో తెలుగు వర్తక కుటుంబంలో పుట్టిన గాజుల లక్ష్మీనరసు శెట్టి 1844లో క్రెసెంట్ పత్రికను పెట్టినప్పుడు నగరంలోని హిందువుల ముఖ్యమైన సమస్య క్రైస్తవ మిషనరీల మతప్రచారం, దానికి అధికారుల అండ. అదే లక్ష్మీనరసు 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టి ఇంగ్లండు పార్లమెంటుకు పంపిన అర్జీలో ముందుకు వచ్చింది భూమిశిస్తు భారం, రెవెన్యూ ఉద్యోగుల వేధింపు. ఎనిమిదేళ్ళలో ప్రజల మనసు అంతగా మారిందా? నాకు అట్లా తోచదు. మొదటిది పట్నంలోని ఇళ్ళలో వినిపించిన ఫిర్యాదు, రెండవది జిల్లాల రైతులది. అర్జీ రాసిన చేయి ఎవరి గోడు విన్నదో దాన్నిబట్టి మొదటి పేరా మారింది.

ఆ అర్జీ ఫలితంగానే చిత్రహింసల విచారణ సంఘం వచ్చింది. 1854లో ఇ. ఎఫ్. ఎలియట్, హెచ్. స్టోక్స్, జె. బి. నార్టన్ సభ్యులుగా ఏర్పడి 1855లో నివేదిక ఇచ్చింది. శిస్తు వసూలులో రైతులను హింసిస్తున్నారా అన్నది దానికి అప్పగించిన ప్రశ్న. రమారమి రెండు వేల ఫిర్యాదులు అందాయి. వందల మంది స్వయంగా మద్రాసుకు వచ్చి చెప్పుకున్నారు. మన విషయానికి సంబంధించి ఇందులో ఒక విశేషం ఉంది. ప్రశ్న ఒకే విషయం గురించి అడిగింది గనుక జవాబులు కూడా ఆ విషయాన్నే మోశాయి. హింస జరుగుతున్నదన్న సంగతి నిస్సందేహంగా రుజువైంది. రైతుకు అదే అన్నిటికన్నా పెద్ద బాధా, లేక శిస్తు మొత్తమే పెద్ద బాధా అన్నది ఆ కాగితాలనుంచి తేల్చలేం. ఒక సమస్య ఉన్నదని రుజువు చేయటం వేరు, సమస్యలలో దాని స్థానం ఏదో తేల్చటం వేరు. ఈ తేడాను నేటి పత్రికలు కూడా తరచు మరచిపోతాయి.

రెండవ కొలత జనాభా లెక్క. ఇక్కడ కొంచెం నిలబడాలి. మద్రాసు తెలుగువారి చరిత్రలో దీనంత పని చేసిన కొలత మరొకటి లేదు. భాషా విషయంలో గ్రియర్సన్ సాగించిన మహా సర్వేక్షణ మద్రాసు రాజధానిని తాకలేదు. అందువల్ల ఈ ప్రాంతంలో ఎవరు ఏ భాషవారన్నదానికి జనాభా లెక్కలే దిక్కయ్యాయి. ఆ లెక్కల్లో అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కలాగ లేదు. 1881లో ఊయలనాటి నుంచి మాట్లాడిన భాష ఏదని అడిగారు. 1891లో తల్లిదండ్రుల భాష అన్నారు. 1901 మొదలుకొని కొన్నాళ్ళు మామూలుగా వాడే భాష అన్నారు. 1931లో మళ్ళీ మాతృభాషకు వచ్చి, దానితోపాటు ఇతర భాషలు ఏవి వచ్చునని కూడా అడిగారు. తొండియార్‌పేటలాంటి చోట ఈ నాలుగు ప్రశ్నలకు ఒకే మనిషి నాలుగు జవాబులు ఇవ్వగలడు, నాలుగూ నిజమే కావచ్చు. నేతగాడి ఇంట తల్లి తెలుగు, బడి తమిళం, రేవులో పని తమిళం, గుడిలో భజన తెలుగు. ‘మామూలుగా వాడే భాష’ అంటే ఏ పూట వాడేది?

1941లో యుద్ధం వల్ల భాషా పట్టికలు పూర్తిగా వెలువడలేదు. దానితో ఆంధ్ర రాష్ట్ర వాదం ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో ఇరుపక్షాలూ 1931 అంకెలు పట్టుకుని పోట్లాడుకోవలసి వచ్చింది. 1951 లెక్క సరిగ్గా వివాదం నడుమ జరిగింది. అటువంటి వేళ మాతృభాష గడి ఓటుపెట్టె అవుతుంది. పంజాబులో అదే జరిగి, ఎవరేమి చెప్పుకున్నా నమ్మలేని స్థితి వచ్చి, హిందీ, ఉర్దూ, పంజాబీ, పహాడీ అన్నిటినీ కలిపి ఒకే అంకెగా ప్రకటించవలసి వచ్చింది. మద్రాసులో అంత దూరం పోలేదు. కాని ఇక్కడ కూడా ఆ అంకెను భాష తెలిపే అంకెగా కాక, కోరిక తెలిపే అంకెగా చదివారు. తెలుగు మాతృభాష అని రాయించుకున్న ప్రతి మనిషీ మద్రాసు ఆంధ్రకు చెందాలని కోరుతున్నాడని ఒక పక్షం, తమిళం అని రాయించుకున్న ప్రతి మనిషీ వద్దంటున్నాడని రెండవ పక్షం లెక్కకట్టాయి. ఊయలనాటి మాట ఏదని అడిగి, ఏ రాష్ట్రంలో ఉండగోరుతావన్న ప్రశ్నకు దాన్ని జవాబుగా రాసుకున్నారన్నమాట.

కథ అందరికీ తెలిసిందే గనుక మన ప్రశ్నకు అవసరమైన మేరకే చెబుతాను. జవహర్లాల్, వల్లభభాయి, పట్టాభి సభ్యులుగా ఉన్న సంఘం 1949 ఏప్రిల్‌లో మద్రాసు నగరంమీద హక్కు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పరచవచ్చునన్నది. ఆ సంతకాలలో ఒకటి తెలుగువాడిది కావటం మనవారికి చాలాకాలం ముల్లుగా గుచ్చుకున్నది. 1952 ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతంలోని 140 శాసనసభా స్థానాల్లో కాంగ్రెసుకు 43, కమ్యూనిస్టులకు 41 దక్కాయి. ఈ ఫలితాన్ని చదివిన తీరు చూడండి. రాష్ట్రం ఇవ్వకపోవటంమీద జనాగ్రహమని రాష్ట్రవాదులు అన్నారు. భూమి, కూలి, తిండి గురించిన తీర్పు అని కమ్యూనిస్టులు అన్నారు. బియ్యం రేషనూ కంట్రోళ్ళూ జనాన్ని విసిగించాయని మరికొందరు అన్నారు. రాజాజీ ప్రభుత్వం 1952 జూన్‌లో ఆహార ధాన్యాలపై కంట్రోళ్ళు ఎత్తివేసిందంటే, ఆ చివరి వాదన ఆయనకు బలంగానే వినిపించి ఉండాలి. ఒకే ఓటులోనుంచి మూడు ‘ముఖ్య సమస్యలు’ బయటికి వచ్చాయి. ఓటు చీటీమీద గుర్తు ఉంటుంది, కారణం ఉండదు.

జార్జిటౌన్‌లో పుట్టిన పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహారదీక్ష ప్రారంభించి డిసెంబరు 15 రాత్రి మరణించాడు. తెలుగు జిల్లాలు భగ్గుమన్నాయి. డిసెంబరు 19న నెహ్రూ లోక్‌సభలో మద్రాసు నగరం మినహా, వివాదం లేని తెలుగు ప్రాంతాలతో ఆంధ్ర రాష్ట్రం ఏర్పరుస్తామని ప్రకటించాడు. తీర్మానాలూ అంకెలూ దశాబ్దాల తరబడి చేయలేని పనిని ఒక మనిషి మరణం నాలుగు రోజుల్లో చేసింది. ఢిల్లీ జాబితాలో ఆంధ్ర సమస్య పైకి రావటానికి కారణం దాన్ని ఎంతమంది ముఖ్యమనుకున్నారన్నది కాదు, ఎంత తీవ్రంగా అనుకున్నారన్నది. విస్తృతి వేరు, తీవ్రత వేరు. నమూనా సర్వేలు మొదటిదాన్ని బాగానే పట్టుకుంటాయి, రెండవదాని దగ్గర నేటికీ తడబడతాయి.

ప్రకటనలో మినహాయించిన భాగంలో తొండియార్‌పేట ఉంది. కూవం నదిని హద్దుగా చేసుకుని నగరం ఉత్తర భాగాన్ని ఆంధ్రకు ఇవ్వాలన్న ఆలోచన ఆ రోజుల్లో వినిపించింది. మ. పొ. శివజ్ఞానం వంటివారు నగరమంతా తమిళులదేనని ఉద్యమించారు. నగర పాలక మండలి అటువంటి తీర్మానమే చేసింది. ఆర్థికాది విషయాలు పరిశీలించటానికి వచ్చిన జస్టిస్ వాంఛూ 1953 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చాడు. చివరకు 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. కూవానికి ఉత్తరాన ఉన్న జనాన్ని రెండు పక్షాలూ తమ లెక్కలో వేసుకున్నాయి. వారిలో ఆది ఆంధ్ర పారిశుద్ధ్య కార్మికుడికి నగరపాలక సంస్థ ఉద్యోగం పోతుందేమోనన్న భయం ముఖ్యమా, తెలుగు రాజధాని ముఖ్యమా? కాలడిపేట నేతగాడికి నూలు ధర ముఖ్యమా, సరిహద్దు ముఖ్యమా? రెండూ ముఖ్యమే అయితే ఏది ముందు? ఈ ప్రశ్నలు ఊహించి వేస్తున్నవే. అయితే అప్పుడు వేయదగినవే. అంతటి నిర్ణయానికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న ఆచారం అప్పటికి లేదు, ఇప్పటికీ లేదు.

తరువాత వచ్చిన రాష్ట్రాల పునర్విభజన సంఘం మాత్రం అభిప్రాయాలను కుప్పలుగా పోగుచేసింది. 1955 నివేదికలో ఆ సంఘమే చెప్పుకున్న ప్రకారం అందిన పత్రాలు 1,52,250. వాటిలో చాలా భాగం ఒకే మాదిరి తీర్మానాలు, తంతులు. ఆలోచించి రాసిన మహజర్లు రెండు వేలకు మించవు. 104 చోట్లకు తిరిగి తొమ్మిది వేలమందికి పైగా మనుషులతో మాట్లాడారు. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్ ఎంత శ్రద్ధగా విన్నా, వారి ముందుకు వచ్చినవారు రాగలిగినవారే. లిటరరీ డైజెస్ట్ కార్డులు తిప్పి పంపినవారిలాగే, పిలవకుండా వచ్చేవాడు ఎప్పుడూ గట్టిగా అనుకునేవాడు. ఆ తరువాతి పటాస్కర్ తీర్పు ఈ బాధ కూడా పడలేదు. గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని, భాషా సంఖ్యలు చూసి గీత గీసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, మరికొన్ని గ్రామాలు ఇటు వచ్చాయి. గీత గీయటానికి అంకె కావాలి గనుక, ఉన్న అంకె భాషది గనుక, అదే కొలబద్ద అయింది.

పత్రికల సంగతి క్లుప్తంగా. ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వెలువడింది. ఆంధ్రప్రభ 1938లో అక్కడే పుట్టింది. ఆంధ్రోద్యమం తెలుగువారి మొదటి సమస్య అన్న భావన బలపడటంలో ఈ పత్రికల పాత్ర పెద్దది. అమెరికాలో మెకూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు 1968 ఎన్నికల సమయంలో చాపెల్ హిల్ అనే చిన్న పట్టణంలో ఎవరికి ఓటు వేయాలో ఇంకా తేల్చుకోని వందమందిని అడిగి, వారు ముఖ్యమన్న సమస్యల వరుస, పత్రికలూ టెలివిజనూ ఎక్కువ చోటిచ్చిన సమస్యల వరుస దాదాపు ఒకటేనని 1972లో ప్రకటించారు. ఏమనుకోవాలో పత్రిక చెప్పలేకపోయినా, దేన్ని గురించి అనుకోవాలో చెప్పగలదని దీని తాత్పర్యం. మన విషయంలో ఒక చిక్కు ఉంది. చదవటం వచ్చినవాడికే పత్రిక వరుస అందుతుంది. తొండియార్‌పేట కార్మికవాడల్లో ఆనాడు తెలుగు చదవగలిగినవారు ఎందరు? వినికిడి తెలుగువాళ్ళ జాబితా, చదువుకున్న తెలుగువాళ్ళ జాబితా ఒకటే అయి ఉంటుందనుకోవటం సాహసం.

మన దేశంలో నమూనా పద్ధతి 1950ల నడుమ ఎరిక్ డకోస్టా ఢిల్లీలో నెలకొల్పిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్‌తో మొదలైందనవచ్చు. 1963లో రజనీ కొఠారీ స్థాపించిన అధ్యయన కేంద్రం 1967 నుంచి జాతీయ ఎన్నికల అధ్యయనాలు చేసింది. ఆ కేంద్రంలోని లోక్‌నీతి 1990లనుంచి ఆ పనిని విస్తరించింది. ఇప్పుడు ‘ముఖ్య సమస్య’ ప్రశ్న లేని ఎన్నిక లేదు. రెండు ఉదాహరణలు పక్కపక్కన పెడితే చిక్కు ఎక్కడుందో కనిపిస్తుంది. 2018 చివర ఏడీఆర్ సంస్థ 534 లోక్‌సభ నియోజకవర్గాల్లో 2,73,487 మందిని అడిగితే 46.80 శాతం మెరుగైన ఉపాధి అవకాశాలు, 34.60 శాతం మంచి వైద్యం, 30.50 శాతం తాగునీరు ప్రధానమన్నారు. 2024 ఎన్నికల ముందు లోక్‌నీతి పది వేలమందిని అడిగితే 27 శాతం నిరుద్యోగం, 23 శాతం ధరల పెరుగుదల అన్నారు. ఆరేళ్ళలో ఉపాధి సమస్య 47 నుంచి 27కు తగ్గిందా? కాదు. మొదటిదానిలో సంస్థ ముందుగా తయారుచేసిన జాబితానుంచి ఒక్కొక్కరు ఒకటికన్నా ఎక్కువ అంశాలు ఎంచుకున్నారు, అందుకే శాతాలు కలిపితే నూరు దాటుతుంది. రెండవదానిలో మనిషికి ఒక్క సమస్య. ఈ రెండు అంకెలను ఒకే పటంలో గీసి చూపేవాళ్ళు ఉన్నారు. గీయకూడదు.

మన సాహిత్య సంప్రదాయంలో ఈ తేడాకు చక్కని పేర్లున్నాయి. తెలుగులో ‘సమస్య’ అన్న మాటకు బాధ, చిక్కు అన్న అర్థం ఇటీవలిది. అవధానంలో పృచ్ఛకుడు ఇచ్చే పద్యపాదం సమస్య. మిగతా పాదాలు అవధాని పూరిస్తాడు. దత్తపదిలో నాలుగు మాటలు ఇచ్చి వాటిని ఇమిడ్చి పద్యం చెప్పమంటారు. ‘మీకు అన్నిటికన్నా ముఖ్యమైన సమస్య ఏది’ అని అడిగి ఊరుకోవటం మొదటి పద్ధతికి దగ్గర. నియమం ఒకటే, మాటలు జవాబు చెప్పేవాడివి. జాబితా చదివి ఎంచుకొమ్మనటం దత్తపది. మాటలు పృచ్ఛకుడివి. అవధానికి ఆ మాటలతో తన సొంత భావం చెప్పే నేర్పు ఉంటుంది, కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ ఇల్లాలికి ఆ వెసులుబాటు ఉండదు. ఆవిడ మనసులోని మాట జాబితాలో లేకపోతే ఆవిడ చెప్పినదంతా అప్రస్తుత ప్రసంగం కిందికి పోతుంది.

ఇక ప్రశ్న అనువాదం. ఇంగ్లీషు ప్రశ్నావళుల్లో రెండు మాటలు వాడతారు. ఒకటి చర్చకు వచ్చే అంశం, రెండవది బాధించే చిక్కు. రెండింటినీ మనం సమస్య అనే అనువదిస్తాం. తమిళంలో పిరచ్చినై అంటారు, అందులో తగవు అన్న ఛాయ కూడా ఉంది. క్రిస్టఫర్ వ్లేజియన్ అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు 2005లో ఇదే విషయాన్ని వేరే దారిన చెప్పాడు. ఒక విషయం మనిషికి ఎప్పుడూ ముఖ్యమే అయినా, అది సవ్యంగా ఉన్నంతకాలం సమస్యగా పైకి రాదు. ముఖ్యమైనది వేరు, చిక్కులో ఉన్నది వేరు. తొండియార్‌పేట తెలుగులో దీనికి మరో పొర ఉంది. అక్కడ ‘రాజకీయం’ అన్న మాట పార్టీవాళ్ళ వ్యవహారానికే వాడతారు. ముఖ్యమైన రాజకీయ సమస్య ఏదని అడిగితే, అది మాకెందుకండీ అంటారు. అదే నోట, ఈ వీథికి ఏం కావాలని అడిగితే వేలు మడిచి నాలుగు చెబుతారు. సర్వే పుస్తకంలో మొదటి జవాబు ‘తెలియదు’ అని పడుతుంది. పేదవాళ్ళలో, ఆడవాళ్ళలో ‘తెలియదు’ ఎక్కువ అని నిర్ణయాలు చేసే ముందు, వాళ్ళకు తెలియనిది విషయమా, అడిగినవాడి మాటా అని చూడాలి.

ఆ నాలుగింటిలో మొదటిది నీళ్ళు. ఈ ఒక్క మాటను సంకేతించటం ఎంత కష్టమో ఈ పేట చూపిస్తుంది. 2019 వేసవిలో నగరపు చెరువులు ఎండినప్పుడు నీళ్ళంటే లారీకోసం రాత్రంతా కాచుకోవటం. 2015 డిసెంబరులో నీళ్ళంటే ఇంట్లోకి వచ్చిన వరద. 2013లో ఇక్కడ భూగర్భ పైపులైనునుంచి కారిన చమురు బోరు నీళ్ళలో కలిసిన సంగతి బయటపడింది, అప్పటినుంచి కొన్ని వీథుల్లో నీళ్ళంటే ఆ వాసన. 2023 డిసెంబరు తుపానులో వరదా చమురూ కలిసి ఎన్నూరు వాగు వెంట ఇళ్ళలోకి వచ్చాయి. కొరత, ముంపు, కాలుష్యం అని సర్వే నిపుణుడు మూడు అంకెలు వేస్తాడు. ఇల్లాలు నీళ్ళు అనే అంటుంది. మూడుగా చీలిస్తే ఏదీ జాబితాలో పైకి రాదు, కలిపితే అదే మొదటిది కావచ్చు. ఈ నిర్ణయం ఢిల్లీలో ఒక గదిలో, తెలుగూ తమిళమూ రాని గుమాస్తా చేతిలో జరుగుతుంది. 1983లో రామారావు, రామచంద్రన్ ప్రభుత్వాల ఒప్పందంతో మొదలైన కాలువకు తెలుగుగంగ అని పేరు పెట్టారు. 1996లో కృష్ణ నీరు నగరం చేరింది. నీటికి భాష పేరు తగిలించిన ఆ పథకం తొండియార్‌పేటవారికి తెలుగు సమస్యా, నీటి సమస్యా అని అడిగితే నవ్వుతారు.

రెండవ వైపు చూస్తే, భాషే సమస్య అయినచోట దానికి జాబితాలో చోటు లేదు. 2006లో తమిళనాడు శాసనసభ తమిళ అధ్యయన చట్టం చేసింది. ఒకటవ తరగతిలో తమిళం తప్పనిసరిగా మొదలై, ఏడాదికి ఒక తరగతి చొప్పున పైకి జరిగి, 2015-16లో పదవ తరగతి పరీక్షకు చేరింది. తెలుగు, ఉర్దూ మాధ్యమ పిల్లలు కోర్టులను ఆశ్రయించి మినహాయింపులు తెచ్చుకున్నారు. 2023లో సుప్రీంకోర్టు కూడా మరొక ఏడాది పొడిగించింది. పిల్లవాడు తమిళం నేర్వటంమీద తొండియార్‌పేట తెలుగు ఇళ్ళలో ఎవరికీ అభ్యంతరం లేదు, వాడు వీథిలో మాట్లాడేది అదే. తెలుగు చదివే ఏర్పాటు మిగులుతుందా, తెలుగు పంతులు రిటైరైతే మరొకరు వస్తారా అన్నది వారి బెంగ. 2011 లెక్కల ప్రకారం రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షల పైన, జనాభాలో 5.87 శాతం. వారిలో ప్రతి పదిమందిలో ఒకరు బడి భాషే తమ మొదటి సమస్య అన్నా రాష్ట్రం మొత్తంమీద అది ఒక శాతానికి ఎక్కదు. ఒక శాతానికి ఎక్కనివన్నీ ‘ఇతరములు’ అనే గడిలో కలిసిపోతాయి. అక్కడ ఎవరి పక్కన ఎవరున్నారో ఎవరూ చూడరు.

అంటే వీరికి రెండు గడులున్నాయి. జనాభా లెక్కల్లో వీరు భాష మాత్రమే, నీళ్ళూ కూలీ లేనివారు. అభిప్రాయ సేకరణల్లో వీరికి నీళ్ళూ కూలీ ఉంటాయి, భాష ఉండదు. నా ఉద్దేశంలో 1953లో జరిగిన అన్యాయం ఒక రాష్ట్రం చేతిలోనుంచి మరో రాష్ట్రం చేతిలోకి పోవటం కాదు. ఆ మనిషి నోట రెండూ కలిసి ఏ వరుసలో వచ్చేవో వినకుండానే పటంమీద గీత గీయటం.

2017లో ఈ పేట దేశం కళ్ళలో పడింది. తొండియార్‌పేట, కొరుక్కుపేటలతో కూడిన రాధాకృష్ణన్ నగర్ నియోజకవర్గానికి ముఖ్యమంత్రి జయలలిత మరణం వల్ల ఉపఎన్నిక వచ్చింది. ఏప్రిల్ 12న జరగవలసిన పోలింగును డబ్బు పంపిణీ కారణంగా ఎన్నికల సంఘం మూడు రోజుల ముందు రద్దు చేసింది. ఆదాయపన్ను సోదాల్లో దొరికిన కాగితాల్లో 89 కోట్ల రూపాయల లెక్క ఉన్నదని చెప్పారు. డిసెంబరు 21న జరిగిన ఎన్నికలో స్వతంత్రుడుగా నిలబడ్డ దినకరన్ 89,013 ఓట్లు తెచ్చుకుని 40,707 ఆధిక్యంతో గెలిచాడు. భారతీయ జనతా పార్టీకి 1,417 ఓట్లు వస్తే, ఎవరూ వద్దన్న మీటకు 2,373 పడ్డాయి. ఆ నెలల్లో తెలుగు ఓట్ల లెక్క పత్రికల్లో మళ్ళీ కనిపించింది. 1953లో సరిహద్దుకోసం వేసిన లెక్కనే ఇప్పుడు ఆధిక్యంకోసం వేశారు. ఫలితాన్ని చదివినవారు 1952లో లాగే ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చదివారు: పార్టీ చీలిక, డబ్బు, నీళ్ళు, కొడుంగైయూరు చెత్తదిబ్బ, రైల్వే గేటు. ఎవరూ వద్దన్న ఆ రెండు వేల పైచిలుకు మంది మనసులో ఏముందో అడిగితే తెలిసేది.

అడిగే పద్ధతి ఉంది, ఖర్చు కూడా పెద్దది కాదు. ప్రశ్నను రాజకీయం అన్న మాట లేకుండా వేయాలి. తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి వేసి, మొదటి జవాబు ఏ భాషలో వచ్చిందో కూడా రాసుకోవాలి. ద్విభాషులు ఇంటి విషయాలు ఒక భాషలో, సర్కారు విషయాలు మరో భాషలో చెప్పటం భాషాశాస్త్రంలో బాగా తెలిసిన సంగతే. అందువల్ల భాష మారితే సమస్యల వరుస కూడా మారే అవకాశం ఉంది. మారితే ఎట్లా మారుతుందన్నది పరిశోధన చేయదగిన ప్రశ్న. చెప్పిన మాటను చెప్పినట్లే దించుకోవాలి. అంకెలు వేయటం తరువాత, ఈ రెండు భాషలూ వచ్చినవారి చేత జరగాలి. ‘ఇతరములు’ గడిని పట్టిక అడుగున ఒక అంకెగా కాక, విడదీసి అచ్చువేయాలి. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా ప్రకటించిన జనాభా లెక్కలో మాతృభాష గడి మళ్ళీ ఉంటుంది, ఈసారి కులం కూడా. ఆ గుమాస్తా తొండియార్‌పేటలో తలుపు తట్టినప్పుడు అవ్వ తెలుగు అంటుంది, మనవడు తమిళం అంటాడు, గుమాస్తా ఇంటి యజమాని వైపు చూస్తాడు. ఈలోపు ఎవరైనా వెళ్ళి ఆ ముగ్గురినీ విడివిడిగా రెండవ ప్రశ్న కూడా అడిగి ఉంటే, ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు.